ఆకురాయి తగలని కొత్త రంపం

భిలాయి టౌన్‌షిప్‌లో చెట్ల సంగతి చూసుకోవడం మా సెక్షన్ పని. వానాకాలంలో నీలగిరి చెట్లు రోడ్ల మీదా, కరెంటు తీగల మీదా పడేవి. వాటిని కోయడానికి ఒకటే గొలుసు రంపం మిషను ఉండేది. విదేశీ సరుకు, పద్నాలుగేళ్ళ నాటిది. తాడు లాగితే మూడో లాగుకి అందుకునేది. ఊరికే అనడం లేదు, చాలా రోజులు లెక్క రాసి చూశాను. నేను స్టోరు గుమాస్తాని. పదో తరగతితో చదువు ఆగింది. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. కొలవనిది రాయకూడదన్నది నా నియమం.

ఆ రంపం పట్టే ఆయనది శ్రీకాకుళం వైపు, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. చుట్టరికం లేకపోయినా నేను మావా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. పాత మిషను పిడికి రబ్బరు లేదు. ఇంజను అదురంతా చేతుల్లోకే వచ్చేది. చలికాలం పొద్దున ఆయన వేళ్ళ కొనలు సున్నం పూసినట్టు తెల్లబడేవి. చొక్కా గుండీలు భార్య పెట్టి పంపేది.

తొంభైల మధ్యలో ఒక ఆగస్టు చివర రాయపూర్ డీలరు ఇంకో కంపెనీ కొత్త మిషను పరీక్షకి పంపాడు. బరువు రెండు కిలోలు తక్కువ. పిడికీ ఇంజనుకీ మధ్య స్ప్రింగులు, రబ్బరు దిమ్మలు. మావ దాన్ని ఒక నిమిషం నడిపి, ఆపి, అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"ఇదొస్తే ఉన్న నాలుగేళ్ళూ లాగీగలను అల్లుడా. రిటైరయ్యాక నా ముద్ద నేనే కలుపుకు తింటాను."

"పరీక్షలో నెగ్గాలి కదా మావా."

"నెగ్గక ఏటి సేస్తాది? కొత్త కోడలు మొదటి నెల్లాళ్ళూ ఒళ్ళొంచి సేస్తాది. తరవాత సంగతి తరవాత."

మా ఆఫీసరు ఉత్తరాది మనిషి. "బాబూ, జో తేజ్ కాటేగా, వహీ రహేగా" అన్నాడు. ఏది వేగంగా కోస్తే అదే ఉంటుందన్నమాట. మూడు గడులున్న కాగితం ఇచ్చాడు: కోతకి ఎన్ని సెకన్లు, ఎంత పెట్రోలు, ఎన్నిసార్లు ఆగింది.

టౌన్‌షిప్ పక్కన మరోదా అనే చోట పడిపోయిన నీలగిరి మాను మీద పరీక్ష. ఆ పొద్దున మావ ఎప్పటిలాగే కూర్చుని పాత రంపం గొలుసుకి పంటికి మూడేసి రుద్దుల చొప్పున ఆకురాయి పెట్టాడు. కొత్తదాన్ని అప్పటికే చాలా చోట్ల తిప్పి చూపించారు. దాని పళ్ళు మొద్దుబారి ఉన్నాయి. వేలితో తడిమి నేను గమనించాను.

"దీనికీ రెండు రుద్దులు పెట్టు మావా."

ఆయన నాలుక కరుచుకున్నాడు. "తప్పు. విశ్వకర్మ పూజ అవనీ. బొట్టు పెట్టని మిషనుకి ఆకురాయి ఆనిస్తామేటి?"

పూజ మూడు వారాల దూరంలో ఉంది. మా షెడ్డులో అందరూ పాటించే మాటే అది. డీలరు మనిషి ఆకురాయి తేలేదు. ఆఫీసరు వాచీ చూసుకుంటున్నాడు. పరీక్ష పూజ దాటాక పెట్టమని నేను అడిగి ఉండవచ్చు. అడగలేదు.

ఒకటి విడిచి ఒకటి, చెరి అయిదు కోతలు. పాతది సగటున నలభై ఒక్క సెకను. కొత్తది యాభై ఎనిమిది. పాతదాని కింద అటుకుల్లాంటి పొట్టు రాలింది, కొత్తదాని కింద పిండి. పిండి రాలితే లోపం గొలుసు పదునుది, మిషనుది కాదు. మా సెక్షన్లో టీ ఇచ్చేవాడికి కూడా అది తెలుసు.

"ఎంతొచ్చింది?" అన్నాడు మావ.

"పదిహేడు సెకన్ల తేడా. పాతదే ముందు."

ఆయన మాను కింద పొట్టుని కాలితో కదిపాడు. "పిండి పడిందనీసి రాసినావా?"

"దానికి గడి లేదు మావా."

"మరి నా సేతులకో?"

"వాటికీ లేదు."

"నీ లెక్క ఎప్పుడూ తప్పవదు" అన్నాడు. వెక్కిరింపు కాదు. గుడ్డ తీసుకుని పాత రంపం తుడిచాడు.

సాయంత్రానికి కొత్త మిషను రాయపూర్ వెళ్ళిపోయింది. పూజనాడు మావ పాతదానికే బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. మొదటి దెబ్బకి కాయ చేతిలోంచి జారింది.

జనవరిలో ఒక పొద్దున గొలుసు నూనె తీసుకోవడానికి స్టోరుకి వచ్చాడు. రిజిస్టరులో ఆయనది ఎప్పుడూ గుండ్రటి తెలుగు సంతకం. ఆ రోజు పెన్ను రెండుసార్లు జారింది. మూడోసారి నేనే తీసి పక్కన పెట్టాను. సిరా పెట్టె తెరిచి ఆయన బొటనవేలు పట్టుకున్నాను. చల్లగా ఉంది. సిరా అద్ది రిజిస్టరు మీద ఆనించాను.

ఆయన కిటికీ లోంచి బయట కోతకి బయల్దేరుతున్న బండిని చూస్తున్నాడు.

"నొక్కు అల్లుడా, బండి ఎలిపోతాది" అన్నాడు.