స్వామి కాలు ఎవరు పట్టాలి

ఇటు నా పక్కకు జరిగి కూర్చోండి, ఫ్యాను గాలి అందరికీ తగులుతుంది. మా వాడి కాలేజీ కబడ్డీ జట్టు వెంట నేను మూడు ఊళ్ళు తిరిగిన సంగతి చెబుతాను, వినండి.

మా వాడు కోరుట్లలో డిగ్రీ చదువుతున్నాడు. జట్టులో కూతకు పోయేది వాడే. అంతకు ముందు ఏడు ఆటలో మోకాలు మెలిపడి రెండు నెలలు మంచం మీద ఉన్నాడు. ఆడొచ్చని డాక్టరు చెప్పినా వాడికి ధైర్యం చాలలేదు. నడిచేటప్పుడు కూడా ఆ కాలిని అరువు తెచ్చుకున్నదానిలా మెల్లగా వేసేవాడు. కాలు బాగైతే మాల వేసుకుంటానని కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాడు. ఎండలు ముదిరే వేళకు మాల వేసుకున్నాడు. కాలేజీల పోటీలు కూడా అప్పుడే పడ్డాయి.

మాలలో ఉన్నవాళ్ళు ఒంటిపూటే తింటారు. అది కూడా ఇంట్లో తలస్నానం చేసి వండిన భిక్షే. అందుకని చీకటితో లేచి వండి, క్యారియర్ కట్టుకుని, జట్టు ఎక్కడికి పోతే అక్కడికి నేనూ బస్సెక్కాను. కన్నవాడినే నేను ‘స్వామీ’ అనాలి, వాడు నన్ను ‘మాతా’ అనాలి. మొదటి రోజు ఇద్దరికీ నవ్వాగలేదు.

తొలి ఆట మా కోరుట్లలోనే. మెడలో మాలను బనీను లోపలికి దోపి, పైన కాషాయం గుడ్డ చుట్టాను. రిఫరీ సారు చూసి, దండం పెట్టి ఊరుకున్నాడు. మా వాడు కూత పెడుతూ అవతలి వైపు పోతే, ఆ పిల్లలంతా వెనక్కి వెనక్కి జరిగారు. ఒక్కడూ కాలు పట్టడు. ఒకడైతే వాడి పాదం తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని, అవుటై నవ్వుకుంటూ బయటికి పోయాడు.

“ఏందిర, పట్టుర!” అని వాళ్ళ సారు అరిచాడు.

“మాలల ఉన్న స్వామిని కింద పడేస్తే మా అమ్మ నన్ను ఇంట్లకు రానియ్యది సార్!”

మేం గెలిచాం. వాడు మాత్రం భిక్ష ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

“గెలిస్తిరి కద స్వామీ, గట్ల మొఖం ఎందుకు?” అన్నాను.

“ఎవలన్న నా కాలు పడితేనే కద మాతా, అది ఆగుతదో లేదో ఎర్కయ్యేది? యూనివర్సిటీ జట్టు సెలక్షన్లకు పోవాలనుంది. గిది తెల్వకుంట ఏ మొఖం పెట్టుకొని పోవాలె?”

వాడి ముఖం చూడకుండా విస్తట్లో పప్పు వడ్డించాను. ఎవరూ ఆ కాలు పట్టకుంటే బాగుండునని లోపల మొక్కుకుంటున్నదాన్ని నేనే కదా.

సిరిసిల్లలోనూ అంతే. “స్వామిని గాదు భాయ్, ఆటగాన్ని. జర పట్టుండ్రి,” అని మా వాడే అడిగాడు.

“మమ్ముల పాపంల తొయ్యకు స్వామీ!” అన్నారు వాళ్ళు. గట్టు మీద కూర్చుని ఆట చూసే పిల్లలు ఊరుకుంటారా? “వచ్చే ఏడు మేం గూడ అందరం మాలేసుకుంటం, కప్పు మాకే!” అని ఈలలు వేశారు. ఆ నవ్వులకు మా వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూశాక నా మొక్కు నాకే సిగ్గనిపించింది.

ఆఖరి ఆట జగిత్యాలలో. అక్కడి జట్టులో పొడుగాటి పిల్లవాడొకడు కూడా మాలలో ఉన్నాడు. ఆట మొదలు కాకముందు వాడు కుళాయి దగ్గర కనిపిస్తే, నేనే పోయి అడిగాను.

“స్వామీ, మా స్వామి కూతకు వస్తే కాలు పట్టుండ్రి.”

వాడు వింతగా చూశాడు. “మాతా, మీరు మా దిక్కా, వాళ్ళ దిక్కా?”

“నేను తల్లిని. గట్టిగ పట్టుండ్రి.”

“స్వామిని స్వామి పడితే తప్పేం లేదు గని, మీరు ఏడ్వొద్దు మల్ల.”

మా వాడి మూడో కూతకు ఆ పిల్లవాడు దూకి మోకాలు చుట్టేశాడు. అది చూసి ధైర్యమొచ్చి మిగతావాళ్ళంతా మీద పడ్డారు. దుమ్ము లేచింది. నేను స్వామీ గీమీ మరిచిపోయి “కొడుకా!” అని అరిచాను.

అందరూ లేచినా మా వాడు లేవలేదు. “నొచ్చిందా స్వామీ?” అని ఆ పిల్లవాడు వంగి అడిగాడు. మా వాడు కాలు ముడిచాడు, చాపాడు. లేచి ఒకసారి ఎగిరాడు, మళ్ళీ ఎగిరాడు. అవుటైనవాడు అట్లా నవ్వుతూ బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. జట్టును ఆడించే మా పీడీ సారు తల పట్టుకున్నాడు.

ఆ తర్వాత వాడిని అందరూ పట్టారు. రెండుసార్లు పట్టినవాళ్ళను ఈడ్చుకుంటూ గీత దాటాడు. అయినా మేం ఓడిపోయాం.

“ఆగింది మాతా,” అన్నాడు నా పక్కన కూలబడి. “సోమవారం పోయి సెలక్షన్లకు పేరిచ్చి వస్త.”

ఆ పొడుగాటి స్వామిని కూడా పిలిచి, ఇద్దరికీ పక్కపక్కన విస్తళ్ళు వేశాను. కొంగుతో కళ్ళొత్తుకుంటూ పప్పు విస్తరి బయట వడ్డిస్తే, “ఏడ్వొద్దంటి కద మాతా!” అన్నాడు ఆ పిల్లవాడు.

మీ ఇంట్లో పిల్లల కాళ్ళు గట్టిగా ఉండాలి తల్లీ. వాళ్ళు ఎక్కడ పడినా లేచి నవ్వాలి. మీ ఇంట్లో వండిన అన్నం, వచ్చిన వాళ్ళందరికీ సరిపోవాలి.