శశికళ డూప్లెక్సు

శశికళకు ఎడమ చెవి వినబడదు. మొగుడు నాగేశప్ప కొట్టిన దెబ్బకు పోయింది. ఎందుకు కొట్టాడంటారా? సాంబారులో ఉప్పు తక్కువైందని ఒకనాడు, ఎక్కువైందని మరోనాడు. కొట్టే చేతికి సాకులు కరువా! వాడు చెయ్యి విరిచిన రోజున ఆ కట్టుతోనే బస్సెక్కి హోసూరు చేరింది. గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపని నేర్చి, సెలవు రోజుల్లో వీధినాటకాల వాళ్లకు వేషాల బట్టలు కుట్టసాగింది. అద్దాల జాకెట్లు, జరీ అంచుల పావడాలు! ఆమె చేతి పని నలుగురి నోటా పడింది.

కానీ ఎక్కడ గది తీసుకున్నా నాగేశప్ప వాసన పట్టి వచ్చేవాడు. తలుపులు తన్నేవాడు, బూతులు తిట్టేవాడు. ఇంటివాళ్లు మాత్రం వాణ్ణి ఏమీ అనకుండా ఆమెనే సామాన్లతో రోడ్డు మీద పెట్టేవాళ్లు. లోకం తీరు అంతే కదా!

చివరికి కృష్ణగిరి పాతపేటలో ఒక ఇల్లు దొరికింది. ఆ సందు చూసి తీరాలి. ఒక ఇంట్లో నాదస్వరం సాధన, ఎదురింట్లో బ్యానర్లకు రంగులు, పక్కింట్లో రాజు వేషాల కిరీటాలు. తమిళంలో తిట్టుకుని, కన్నడంలో నవ్వుకుని, తెలుగులో రాజీపడే జనం. జయలక్ష్మమ్మ అనే వ్యాపారస్తుల ఇంటి ముసలామె, సగం కూలిన తన మామగారి మిద్దెను అక్కడే నిలబెట్టించింది. పాత టేకు స్తంభాలు, కొయ్య మెట్లు అలాగే ఉంచి, కింద పైన కలిపి ఒకే ఇల్లు చేసి, డూప్లెక్సు అని బోర్డు పెట్టింది. కింద మిషన్లు, పైన కాపురం! శశికళ మనసు గంతులేసింది.

"మొగుడు యాడుండాడు?" అని అడిగింది జయలక్ష్మమ్మ.

"నేనే వదిలేసినానక్కా."

ముసలామె ఎగాదిగా చూసింది. "సరే. ఒక్క మాట. ఈ ఇంట్లో రచ్చ జరిగితే ఆ పొద్దే ఖాళీ చేయాల."

శశికళ ఒప్పుకుంది. ఈ ఇల్లూ పోతే ఇక తలదాచుకునే చోటు లేదని ఆమెకు తెలుసు. అందుకే అడ్రస్ తల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ తల్లే కొంప ముంచింది. అత్తిముగం అనే పల్లెలో గొర్రెల వెనక బతుకంతా నడిచిన మునిలక్ష్మమ్మకు ఒకటే పట్టుదల: మొగుడు పక్కన లేకుండా ఆడది కొత్తింట్లో పాలు పొంగిస్తే అరిష్టం. కూతురికి తెలియకుండా అల్లుడికి కబురు పెట్టింది. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అది ఇదే.

పాలు పొంగించే నాటి పొద్దున్నే తల్లీకూతుళ్లు పై వంటింట్లో పొయ్యి మీద పాలు పెట్టి, గడపకు పసుపు రాస్తున్నారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"ఏమే, రాజమహలే పట్టినావే!" నాగేశప్ప గుమ్మంలో నిలబడ్డాడు.

శశికళ తల్లి వైపు చూసింది. తల్లి తల దించుకుంది. అంతలోనే చెంప పగిలింది. జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టాడు, కడుపులో తన్నాడు. తెల్లటి కొత్త సున్నం మీద రక్తం చారలు కట్టింది.

"మంచి పొద్దప్పా, వద్దప్పా!" అని అడ్డం వచ్చిన అత్తను ఒక్క తోపు తోశాడు. తుండుగుడ్డతో పాల గిన్నె ఎత్తాడు. పాలు పొంగి కారుతున్నాయి. "నీ మొఖాన పోస్తాను. ఇంక నీకు ఇల్లెవుడిస్తాడో చూస్తాను!"

మునిలక్ష్మమ్మకు ఏమైందో ఏమో. బొచ్చు కత్తిరించే ముందు పొట్టేలును పడేసే పట్టు ఒకటుంటుంది: ఒక చెయ్యి దవడ కింద, ఒక చెయ్యి వెనక కాలికి, మోకాలు డొక్కలోకి. అదే పట్టు పట్టి అల్లుణ్ణి ఎత్తి పడేసింది. మరిగే పాలు వాడి తొడల మీదే పడ్డాయి. వాడు కేకలు పెడుతూ మెట్ల పక్కన పట్టుకునే కొయ్య కటకటా విరుచుకుని కిందికి దొర్లాడు. ఆమె వెనకే దిగి వాడి మెడ మీద మోకాలేసి కూర్చుంది. వాడి మొహం నల్లబడింది.

"అమ్మా, లెయ్యి! చస్తాడు!"

"చావనీలే! నా బిడ్డను గొడ్డును బాదినట్ల బాదినాడే! నేనే పిలిపిస్తినే వీణ్ణి, నా చేతులు ఇరగ!"

శశికళ బలవంతంగా తల్లిని లాగింది. సందు సందంతా వచ్చేసింది. నాటకంలో దుశ్శాసనుడై చీర లాగే గుర్రప్ప తన పైగుడ్డ తీసి శశికళ భుజాల మీద కప్పాడు. మిగతావాళ్లు నాగేశప్పను ఆటోలో పడేసి పోలీసు స్టేషనుకు తీసుకుపోయారు.

అప్పుడొచ్చింది జయలక్ష్మమ్మ. రక్తం చూసింది, పాలు చూసింది.

"నేను ముందే చెప్పినాను గదా పాపా?"

ఇంతకు ముందైతే శశికళ తల వంచి మూట కట్టుకునేది. ఈసారి నోట్లో రక్తం ఉమ్మి, మెట్టు మీద కూర్చుంది. "పోనక్కా. కొట్టినోడు వచ్చినాడని కొట్టించుకున్నదాన్ని నేనెందుకు పోవాల? ఎన్ని ఇండ్లు పోవాల? నన్ను లాగి బయటేస్తే వెయ్యి, నాకై నేను లెయ్యను."

ముసలామె విరిగిన కటకటాను చేత్తో కదిపి చూసింది.

"మా మామ చేయించిన కటకటా ఇది. రేపు వడ్ల ఆచారిని పిలిపించి నువ్వే బాగు చేయించాల," అని కసురుకుని వెళ్లిపోయింది.

అన్ని దెబ్బలకూ ఏడవని శశికళ, అప్పుడు తల్లి ఒళ్లో పడి వలవలా ఏడ్చింది.