నేను ఏరి కొన్న వెల్డింగ్ మిషను

డిప్లొమా కాగితం కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఏదైనా తెలియనిది ఎదురుపడితే ఫోన్లో రెండు వీడియోలు చూసేవాణ్ణి, దాంతో అదీ తెలిసిపోయేది. ఇప్పుడు వెల్డింగే వృత్తిగా ఇన్నేళ్లు గడిచాక, నాకు తెలియని సంగతి రోజుకొకటి బయటపడుతోంది. దీన్నిబట్టి నా తెలివి డిప్లొమా అయిన మర్నాడే శిఖరానికి చేరిందని, అక్కణ్ణించి మెల్లగా దిగుతూ వస్తోందని అనుకోవాలి.

మా మామ (అమ్మ తమ్ముడు) తోటపల్లి గూడూరు రోడ్డు మీద రేకుల షెడ్డులో వెల్డింగ్ చేసేవాడు. ఇనుమంటే ఆయనకు భయం లేదు. అల్యూమినియమంటేనే గుబులు. చుట్టూ రొయ్యల గుంటలు, ప్రతి గుంట గట్టు మీదా ఒక జనరేటరు, వాటికి పగిలే అల్యూమినియం భాగాలు, అవి చాలక కార్ల అడుగున పగిలే ఆయిల్ సంపులు. మామ గ్యాస్ మంట పెట్టి, పొడి అద్ది, కడ్డీ కరిగించి అతికేవాడు. కానీ అల్యూమినియం ఇనుములా ఎర్రబడి ముందుగా హెచ్చరించదు, ఉన్నట్టుండి జారి కాళ్ల దగ్గర పడుతుంది. అందుకని పది ముక్కలొస్తే నాలుగింటిని "నెల్లూరుకు పట్టకపొండి" అని పంపేసేవాడు. చివరికి గాలి తగలకుండా గ్యాస్ వదులుతూ కరెంటు మంటతో అతికే టిగ్ మిషను కొందామని నిర్ణయించుకొని నన్ను పిలిచాడు. "అబ్బయా, నువ్వు చదువుకున్నోడివి. నువ్వే చూసి తీసుకురా. అంపియర్లూ గింపియర్లూ నాకొద్దు. అల్యూమినియం అతుక్కోవాల, అంతే."

మూడు వారాలు పరిశోధించాను. వీడియోల్లో ఒకాయన ఇది కొనమంటే ఇంకొకాయన అది కొంటే చెడిపోతావన్నాడు. నేను ఇద్దర్నీ పక్కనబెట్టి నా సొంత కొలమానాలు తయారు చేసుకున్నాను: అంపియర్లు ఎక్కువుండాలి, ఎత్తితే తేలిగ్గా ఉండాలి, ముందు భాగంలో అంకెలు నీలంగా మెరవాలి. (మూడోది అన్నిటికన్నా ముఖ్యం.) నెల్లూరులో దుకాణం పెద్దాయన కళ్లద్దాలు సర్దుకొని, "ఏం పనికి తమ్ముడూ?" అన్నాడు. డిప్లొమా హోల్డర్ని పట్టుకొని తమ్ముడూ అన్నందుకు నాకు కష్టమేసింది. అల్యూమినియానికి అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. "జనరల్ పర్పస్" అన్నాను దర్జాగా.

"ఏసీ-డీసీ రెండూ ఉండేది ఇయ్యమంటావా, డీసీ ఒకటుంటే చాలా?"

ఆ ప్రశ్న ఎందుకడిగాడో నాకు తెలియదు. తెలియదనడం మా వంశంలో లేదు. "మా షెడ్డులో వచ్చే కరెంటు ఏసీనే అన్నా" అన్నాను.

పెద్దాయన నన్నొకసారి చూసి, నేను వేలు చూపించిన నీలం అంకెల డీసీ మిషన్ను అట్టపెట్టెలో పెట్టించాడు. (అల్యూమినియం మీద కంటికి కనపడని గట్టి పొర ఒకటుంటుంది. లోపలి లోహం కరిగినా అది కరగదు. దాన్ని చీల్చాలంటే మిషన్లోంచి వచ్చే కరెంటు అటూ ఇటూ మారే ఏసీ అయ్యుండాలి. గోడలో ఏం వస్తుందన్నది కాదు లెక్క. ఇదంతా మా పుస్తకంలో ఉంది. ఆ పాఠాన్ని నేను ఛాయిస్‌లో వదిలేశాను.)

మిషనుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ముందుగా ఇనుప పలక మీద గీత లాగాను. చేప పొలుసుల్లా వరసగా పడింది. మామ వేలితో తడిమి, "భలే ఉండాదిరా!" అన్నాడు. ఆ సంతోషం సరిగ్గా రెండు రోజులు నిలిచింది.

మూడో రోజు ముసురు పట్టింది. మధ్యాహ్నం గుంటలక్క వచ్చింది. రెండు రొయ్యల గుంటలు కౌలుకు తీసుకొని ఒంటి చేత్తో నడిపే ఆమెను ఊరంతా అట్లాగే పిలిచేవాళ్లు. గోనెపట్టా విప్పి జనరేటరు నీళ్ల పంపు మూత బల్ల మీద పెట్టింది. అల్యూమినియం పోత, జానెడు పగులు.

"పొద్దున్నించి ఎండ లేదు. కరెంటు పోతా వస్తా ఉండాది. ఏరేటర్లు ఆగినాయంటే గాలందక రొయ్యలన్నీ తేలిపోతాయి. ఎట్టన్నా చెయ్యి తమ్ముడూ."

"కూర్చోక్కా, పది నిమిషాలు" అన్నాను. (ఈ పది నిమిషాల మాట ఎవరూ అడగలేదు. నేనే ఇచ్చాను.)

మంట వెలిగింది. లోహం కరగాల్సింది పోయి నల్లగా మసిబారి, ముద్దకట్టి, కడ్డీని దగ్గరికి రానివ్వకుండా దొర్లిపోయింది. గ్యాస్ బాగాలేదన్నాను. కడ్డీ బాగాలేదన్నాను. సముద్రపు గాలి అన్నాను. మామ లేచి తలుపు మూశాడు. చివరికి ఈ అల్యూమినియమే మంచిది కాదన్నాను. గుంటలక్క గడియారం చూడలేదు, ఆకాశం చూసింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కంగారులో అంపియర్లు బాగా పెంచి ఇంకోసారి మంట పెట్టాను. పగులున్న చోట ఇప్పుడు పగులు లేదు. ఉండ్రాయంత బొక్క ఉంది.

అక్క వంగి ఆ బొక్కలోంచి కింది బల్ల చూసి, "నేను తెచ్చినప్పుడు ఇది లేదే" అంది నెమ్మదిగా. తిట్టినా బాగుండేది.

మామ నన్ను భుజం పట్టుకొని పక్కకు జరిపాడు. "నువ్వు గమ్మునుండు." ఇంకో ముక్కలోంచి బిళ్ల కోసి, బొక్క మీద కూర్చోబెట్టి, పొడి అద్ది, పాత గ్యాస్ మంట వెలిగించాడు. గంటన్నర పట్టింది. నేను మూతను పట్టకారుతో కదలకుండా పట్టుకున్నాను, ఆ రోజు షెడ్డుకు నా వల్ల జరిగిన ఉపకారం అదొక్కటే. అతుకు అందంగా లేదు గానీ నీళ్లు పోస్తే చుక్క కారలేదు. మేం ముగ్గురం గట్టుకు వెళ్లి మూత బిగిస్తుండగా నిజంగానే కరెంటు పోయింది. జనరేటరు దగ్గి, దగ్గి, అందుకుంది. ఏరేటర్ల చక్రాలు తిరిగి నీళ్లు తెల్లగా లేచాయి. అక్క మామకు దండం పెట్టి, నా వైపు తిరిగి, "నీది కూడా మంచి మిషనే తమ్ముడూ, బొక్కలు బాగా పడతాయి" అంది.

మర్నాడు మిషను మోసుకొని దుకాణానికి పోయాను. పెద్దాయన పెట్టె కూడా విప్పలేదు. "అల్యూమినియమా?" అన్నాడు. తలూపాను. "అడిగినాను కదా అబ్బయా" అన్నాడే తప్ప నవ్వలేదు. ఏసీ-డీసీ మిషను మార్చి ఇచ్చి, కాలితో మంట తగ్గించుకునే పెడలు తగిలించి, వెనక గదిలో పలచని రేకు మీద సాయంత్రం దాకా నాచేత గీతలు లాగించాడు. ఈ మిషను బరువు, అంకెలు ఎరుపు. మామ దాంతోనే నాలుగేళ్లు పని చేశాడు. తర్వాత షెడ్డు నాకిచ్చి, ఇప్పుడు వచ్చి కూర్చొని నా తప్పులు లెక్కపెడుతుంటాడు.

మొన్న ఒకాయన బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చి, లేజర్ వెల్డింగ్ మిషను కొందామనుకుంటున్నానని, ఏది తీసుకోమంటారని అడిగాడు. "నాకు దాని గురించి తెలీదన్నా, వాడినోళ్లని అడగండి" అన్నాను. ఆయన షెడ్డునీ నన్నూ జాలిగా చూసి, మర్యాదగా సెలవు తీసుకొని వెళ్లిపోయాడు. ఆయన బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. కొత్త డిప్లొమా చేతిలో ఉన్న ఆనాటి కుర్రాడు గనక షెడ్డులో ఉండుంటే, పాపం, ఆయన్ని అట్లా ఉత్త చేతుల్తో పోనిచ్చేవాడు కాదు.