సమాధి దగ్గర వాయించే పాట

రాజకీయాల్లోకి నేను నలభై దాటాక వచ్చాను. ఫిడేలు పిచ్చి మాత్రం చిన్నప్పుడే పట్టుకుంది. పుట్టిల్లూ అత్తిల్లూ మొయినాబాద్ దగ్గర ఒకే ఊరు కాబట్టి అది వదిలే అవకాశమూ రాలేదు.

మా పొలం పక్కనే చర్చి. అక్కడ ఫిడేలు వాయించే తాత నాకు నేర్పాడు. ఆయనకు నేర్పింది అమెరికా కొండల్లో పుట్టిన ఒక పాస్టరు. ఆ పాత కొండ బాణీలంటే నాకు ప్రాణం. వాటిలో ఒకటి మా ఊళ్లో క్రైస్తవులు ఎవరు పోయినా సమాధి దగ్గర వాయించాలి; తాతకు వయసు మీరాక నేనే వాయించేదాన్ని. మాటల్లేవు కాబట్టి అందరూ దేవుడి పాటే అనుకుని కళ్లు మూసుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఒకరోజు యూట్యూబ్‌లో అదే బాణీ దొరికింది. జనం బూట్లు నేలకేసి కొడుతూ ఎగురుతున్నారు. పక్కా డాన్సు పాట! పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

తర్వాత సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి, నిలబడ్డాను. నేను సమాధి దగ్గర ఫిడేలు వాయిస్తున్న వీడియోను అవతలివాళ్లు వాట్సాప్‌లో తిప్పారు. గుడికెళ్లే నేను మతం మారి క్రైస్తవురాలినయ్యానట.

"గది డాన్సు పాటనే అని యూట్యూబ్ వీడియో గ్రూపుల పెట్టు, ఒడిసిపోతది," అన్నాడు మా ఆయన. నిజమే, అది దేవుడి పాట కాదని తేలితే మతం మాటే ఉండదు. నాకూ గెలవాలని బాగా ఉంది.

ముందు ఆ యూట్యూబ్ వీడియో తాతకు చూపించాను.

"నాకెరికే బిడ్డా," అన్నాడు. "పాస్టరు అప్పుడే చెప్పిండు. మా ముసల్దానికి ఇష్టమని ఆమె పోయినప్పుడు ఏడ్సుకుంట వాయించిన. అందరు దేవుని పాట అనుకున్నరు. అప్పటిసంది ప్రతి చావుకు గిదే అడుగుతున్నరు. నేనెట్ల చెప్పాలె?" ఫోన్ నా చేతిలో పెట్టి, "పెట్టు బిడ్డా. గెలువు. నా ఫికర్ చెయ్యకు," అన్నాడు.

పెట్టలేదు. ఆ పాట వింటూ కన్నవాళ్లను, కన్నబిడ్డలను మట్టిలో పెట్టినవాళ్లు ఊళ్లో ఎంతమందో. వాళ్లకు ఏ ముఖంతో చెప్పను?

ఓడిపోయాను. ఇప్పటికీ తలచుకుంటే కడుపు మండుతుంది.

మర్నాడు తాత కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "నా పాటతోనే ఓడినవా బిడ్డా?" అని అడిగాడు.

"కాదు తాతా. ఆళ్లు దావత్ మనకంటె పెద్దగ ఇచ్చిండ్రు," అన్నాను.

పెద్ద దావత్ ఇచ్చింది మేమే. తాత కూడా వచ్చి తిన్నాడు. ఆయన నా ముఖం చూసి, "అవ్ బిడ్డా, గంతే అయుంటది," అన్నాడు.