అల తగిలిన ఎడమ చెవి

ఆ రోజు పొద్దున అల నా ఎడమ చెంప మీద చాచి కొట్టింది. చెవిలో టప్పుమని శబ్దం. నీళ్ళలో తల గిర్రున తిరిగిపోయి పైకి ఎటు రావాలో తెలియలేదు. చేతికి ఇసుక తగిలాక గాని అది అడుగని అర్థం కాలేదు.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో అందరూ అగ్గిపెట్టెల పనివాళ్ళే. నేనొక్కణ్ణే తూత్తుకుడి దాటి ఒక సముద్రపు ఊళ్ళో లాడ్జి వంటకి కుదిరాను. ఎవరో దొర వదిలేసి పోయిన, కొస విరిగిన బోర్డు మీద సర్ఫింగ్ నేర్చుకున్నాను. అక్కడ అల ఒడ్డుకి బాగా దగ్గరగా, మోకాలి లోతు నీళ్ళ మీద గోడలా లేచి విరుగుతుంది. కొత్తవాళ్ళని దిగనివ్వరు. ఆరేళ్ళు పక్కనున్న చిన్న అలల మీద పడి లేచాక నాకా అల దక్కింది. రెండు సీజన్లు కూడా నిండలేదు, ఈ దెబ్బ తగిలింది.

చెవిలోంచి చీము కారసాగింది. సీజను పోతుందని ఎవరికీ చెప్పలేదు. దూది పెట్టుకుని దిగేవాణ్ణి. ఎనిమిది నెలలు అలా నెట్టుకొచ్చాక ఒకరోజు కుక్కర్ కూత వినపడక అన్నం మాడింది. ఓనరు ఇంటికి పొమ్మన్నాడు.

"ఏమిరా, సెవి ఇట్ల నాత్తం కొడతా ఉంది? ఇన్నినాళ్ళు ఏంటికి సెప్పలే?" అంది అమ్మ ముక్కు మూసుకుని. "ఎన్నె కాసి పోస్తా, సరియై పోతాది."

"వద్దుమా, ఆస్పత్రికి పోదాం" అన్నాను.

విరుదునగర్‌లో ఇ.ఎన్.టి. డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "పెద్ద పర్ఫొరేషన్. ముందు డ్రై ఇయర్ కావాలి, తరవాతే టింపనోప్లాస్టీ." అంటే కర్ణభేరికి చిల్లి పడింది, చీము ఆరాకే దాన్ని మూసే ఆపరేషన్. వినికిడి ఎంతుందో చూడ్డానికి ఆడియోగ్రామ్ తీశారు. నేనడిగింది ఒక్కటే: మళ్ళీ అల ఎక్కొచ్చా? "ముందు గ్రాఫ్ట్ పట్టనీ" అంది.

చీము ఆరాక చెవి వెనక కోసి, అక్కడి పొర తీసి చిల్లికి గ్రాఫ్ట్‌గా అతికించారు. మూడు వారాలకి చెవిలో కూరిన ప్యాక్ తీసి, "చెవిలో ఏదీ పెట్టొద్దు" అని పంపారు. దురద మొదలైంది. మా ఇళ్ళల్లో చెవి దురదకి మందు ఒక్కటే, మందు ముంచని అగ్గిపుల్ల. ఊహ తెలిసినప్పటి నుంచీ అదే అలవాటు. అమ్మ నేల మీద కూర్చుని చట్రంలో పుల్లలు పేరుస్తోంది. ఆమెతో మాట్లాడుతూనే మూటలోంచి ఒకటి తీసి చెవిలో తిప్పాను. కొసన నెత్తురు. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

"గ్రాఫ్ట్ పోయింది. ఆరు నెలలు ఆగాలి" అంది డాక్టరమ్మ.

ఆ ఆరు నెలలూ నల్లరేగడి చేల మీద గాలి లేస్తే చాలు, ఏ దిక్కుదో చూసేవాణ్ణి. పడమటి గాలికి అక్కడ అల విరగకుండా కాసేపు నిలబడుతుంది. నేను లేకుండా నిలబడుతోందే అని బెంగ. అన్నం సహించేది కాదు.

రెండో ఆపరేషన్ అయ్యాక అమ్మ పుల్లల మూట ఎత్తుకుని పక్కింటికి పోయింది. "వీని సేయి సుమ్మా ఉండదక్కా. మూడు నెల్లు నీ తిన్నె మీదనే పని సేసుకుంటా" అంది పక్కింటామెతో.

ఈసారి గ్రాఫ్ట్ పట్టింది. వినికిడి మాత్రం పూర్తిగా రాలేదు. "ప్లగ్ పెట్టుకుని ఈదు. ఆ అల వద్దు. ఇంకోసారి తగిలితే నా చేతిలో లేదు" అంది డాక్టరమ్మ.

"పడకుండా ఉంటే?"

"పడకుండా ఉండేది నీ చేతిలో ఉందా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు విరుదునగర్‌లో ఒక మెస్‌లో వంట చేస్తున్నాను. ఏడాదికోసారి ఆ తీరానికి పోతాను. పోయినసారి, నాతో పాటు నేర్చుకున్న స్నేహితుడు బోర్డు చాపి "ఒక్కటే, రా" అన్నాడు. వద్దన్నాను. వాడు అల మీద లేచి నిలబడగానే ఒడ్డున నా మోకాళ్ళు, బోర్డు మీద ఉన్నట్టే, వాటంతటవే వంగాయి. ఏడ్చాను. ఆ అల నాకు ఇంకా కావాలి.

చెవిలో తడి కనిపిస్తే ఆ వారమే డాక్టరుకి చూపించండి. నేను ఒక్క సీజను పోతుందని భయపడ్డాను.