చేసినవాడి లెక్క

నేను రసాయన శాస్త్రం చదువుకోలేదు. నా చదువు మెట్రిక్‌తో ఆగిపోయింది. పాత పుస్తకాల బండి మీద దొరికిన లాగరిథమ్ పట్టికల పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని, లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. అయినా అకర్బన రసాయన శాస్త్రంలో దేశమంతా పేరున్న ఒక ప్రొఫెసరుగారి దగ్గర చాలా ఏళ్లు లెక్కలు చేశాను. ఆయన సంగతులు రాయమని ఈమధ్య కొందరు అడుగుతున్నారు. ఆయన బిరుదులు, పదవులు వేరేవాళ్లు రాస్తారు. నేను చూసిన ఒక్క విషయం రాస్తాను.

అప్పట్లో నాకు ముప్పై దాటాయి. రాళ్ల కాంట్రాక్టరు దగ్గర కొలతల పని. ఇవాళ ఎల్.బి.నగర్ అంటున్న చోట అప్పుడు బండరాళ్లు, జొన్నచేలు, వాటి మధ్య నుంచి విజయవాడ రోడ్డు. సారు అక్కడ ఒక ప్లాటు కొని పునాదిరాయికి వచ్చారు. రాళ్ల కుప్ప పక్కన నిలబడి నేను లెక్క కడుతుంటే చాలాసేపు చూశారు.

"ఈ కుప్పకి ఒక ఆకారమంటూ లేదు కదండీ. ఎంత రాయి ఉందో ఎలా చెబుతారు?" అన్నారు.

"అడ్డంగ ముక్కలు చేసుకొని కడ్త సార్. మల్ల నిలువుగ చేసుకొని కడ్త. రెండు దగ్గర దగ్గర ఒస్తెనే చెప్త."

"రాకపోతే?"

"రాకపోతే చెప్ప. మల్ల కొలుస్త."

ఆ ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో తాను అద్దెకుండే ఇంటికి రమ్మన్నారు. మూసారాంబాగ్‌లోని మా ఇంటి నుంచి సైకిలు మీద వెళ్లాను. ఆ రోజు నుంచి పని అయ్యాక సాయంత్రాలు ఆయన ఇంట్లోనే గడిచేవి.

సారుది కోస్తా. కృష్ణా కాలువ పక్క ఊళ్లో పుట్టి, స్కాలర్‌షిప్పుల మీద చదువుకుని, విదేశంలో కొన్నేళ్లు పరిశోధన చేసి హైదరాబాదు వచ్చారు. ఇక్కడి విశ్వవిద్యాలయంలో అప్పటికి అయస్కాంతపు త్రాసు లేదు. బయటి నుంచి తెప్పించే స్తోమత డిపార్టుమెంటుకు లేదు. మలక్‌పేటలో మోటార్లకు తీగ చుట్టే మేస్త్రీని పట్టుకుని, ఇనుప దిమ్మల మీద రాగి తీగ చుట్టించి, మామూలు త్రాసు ఒకటి వాటి మీద అమర్చి ఆయనే తయారుచేసుకున్నారు. కోబాల్టు, నికెలు, ఇనుము లాంటి లోహాల చుట్టూ వేరే అణువులు చేరినప్పుడు వాటి రంగు, వాటి అయస్కాంత గుణం ఎందుకు మారతాయన్నదే ఆయన జీవితకాలపు ప్రశ్న.

పద్ధతి నాకు అర్థమయ్యేలా చెప్పారు. పొడిని సన్నని గాజు గొట్టంలో నింపి త్రాసుకు వేలాడదీస్తారు. కరెంటు వేయకుండా ఒకసారి, వేసి ఒకసారి తూస్తారు. అయస్కాంతం లాగితే బరువు ఎక్కువ చూపిస్తుంది. ఆ ఎక్కువను బట్టి లోహంలో జత కుదరని ఎలక్ట్రాన్లు ఎన్నో తేల్చవచ్చు. తూచడం విద్యార్థుల పని. ఆ అంకెలతో గుణించడం, భాగించడం, చివర వర్గమూలం తీయడం నా పని.

అయితే నా లెక్క ఒక్కటే ఆయనకు చాలేది కాదు. ఆ పదార్థాన్ని తయారుచేసి తూచిన విద్యార్థి కూడా విడిగా లెక్క కట్టాలి. మేమిద్దరం ఒకరిది ఒకరు చూడకూడదు. రెండు కాగితాలూ కలిస్తేనే ఆ సంఖ్య అచ్చుకు వెళ్తుంది. విదేశంలో ఉన్నప్పుడు తానే తూచి, తానే లెక్క కట్టి, తానే నమ్మి పంపిన ఒక సంఖ్యను తరవాత వెనక్కి తీసుకోవలసి వచ్చిందట. అప్పటి నుంచి ఇదే ఆయన నియమం.

ఆ రోజుల్లో ఆయన దగ్గర నల్గొండ జిల్లా నుంచి వచ్చిన ఒక విద్యార్థి ఉండేవాడు. మాలాగే పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ప్రయోగాల్లో మంచి చేయి. అతను ఇనుముతో ఒక కొత్త పదార్థం చేశాడు. ఇటుక రంగు పొడి. చల్లబరిస్తే ముదురు ఊదాకు తిరిగేది. మామూలుగా ఇలాంటి పొడిని చల్లబరిచేకొద్దీ అయస్కాంతం ఎక్కువగా లాగాలి. దీన్ని చల్లబరుస్తుంటే లాగడం తగ్గిపోయింది. చలికి ఎలక్ట్రాన్లు జతలు కట్టేస్తున్నాయన్నమాట. అలాంటివి ప్రపంచంలో అప్పటికి చాలా తక్కువ తెలుసునని, ఇది తమ లాబ్ నుంచి బయటికి వెళ్తే ఇరవై ఏళ్ల కష్టానికి అర్థం ఉంటుందని సారు తన భార్యతో, మేము అమ్మగారు అనే ఆవిడతో, అంటుంటే విన్నాను. ఆయన నోట అంత పెద్ద మాట మళ్లీ ఎప్పుడూ వినలేదు.

ఆ చలికాలం చివర్లో, బాగా చల్లబరిచి తీసిన ఆఖరి రీడింగులు వచ్చాయి. నా లెక్క కట్టి ఇచ్చాను. విద్యార్థి కాగితం రావాలి. ఈలోగా అరవై తొమ్మిది ఉద్యమం మొదలైంది.

కాలేజీలు మూతపడ్డాయి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు వెనక్కి పోవాలని ఊరేగింపులు. సారు ఇంటి గోడ మీద ఎవరో బొగ్గుతో 'గో బ్యాక్' అని రాశారు. విద్యార్థి కూడా ఊరేగింపుల్లో ముందుండేవాడు. అయినా సాయంత్రం సారింటికి వచ్చి టీ తాగేవాడు.

"నువ్వు అరిచేది నన్నేనా?" అని సారు ఒకరోజు అడిగారు.

"మిమ్మల్ని ఎట్ల అంట సార్? మీరు గో బ్యాక్ అయితె నా థీసిస్ గూడ మీ ఎంబడే గో బ్యాక్ అయితది."

అమ్మగారు నవ్వారు. సారు నవ్వలేదు.

"నేను కూడా ఇక్కడ ఒక ఉద్యోగం తీసుకున్నవాణ్నే కదయ్యా."

విద్యార్థి కప్పు కింద పెట్టాడు. తరవాత, "మా ఊర్ల డిగ్రీ పాసైనోళ్లు ఎడ్లు కాస్తున్నరు సార్. గది గూడ నిజమే గద," అన్నాడు. ఆ మాటకు సారు తల ఊపారు. ఆ గదిలో ఇద్దరూ న్యాయంగానే మాట్లాడారని నాకు అనిపించింది. అందుకే ఎక్కువ బాధేసింది.

ఆ వారంలోనే అతన్ని అరెస్టు చేశారు. నా కాగితం సారు బల్ల మీద ఒంటరిగా మిగిలిపోయింది.

"ఆ లెక్క మీరే కట్టొచ్చు గద సార్," అన్నాను.

"నాకు ఏ జవాబు కావాలో నాకు తెలుసండీ. అందుకే నేను కట్టకూడదు."

"వేరే స్టూడెంట్‌తోని కట్టిస్తె?"

"ఆ గొట్టం దగ్గర నిలబడ్డవాడు అతనొక్కడే. పైగా అతని పేరుతో, అతను చూడని సంఖ్య పంపనా? అదీ అతను జైల్లో ఉండగా?"

నా కాగితంలో ఆయనను వదలని సంగతి ఒకటుంది. సంఖ్యలు వరసగా తగ్గుకుంటూ వచ్చి, అన్నిటికన్నా చల్లని చోట కొంచెం పైకి లేచాయి. గీత గీస్తే చివర చిన్న తోక ఎత్తినట్టుంది. అది నిజమైతే మరీ కొత్త విషయమట. ఆ తోక ఎందుకు వచ్చి ఉంటుందో ఆయన రోజూ ఆలోచించేవారు. మూడు నాలుగు కారణాలు కూడా కట్టుకున్నారు.

చివరికి ఇద్దరం జైలుకు వెళ్లాం. మలక్‌పేట మీదుగా నడిచే వెళ్లాం, ఆ రోజు బస్సులు లేవు. రీడింగుల కాగితం, నా పట్టికల పుస్తకం నా సంచిలో ఉన్నాయి. గేటు దగ్గర జమేదారు కాగితం తిరగేసి చూశాడు.

"గిదేంది? అన్ని నంబర్లే ఉన్నయ్?"

"లెక్కలండీ. ఆ అబ్బాయి చదువుకు సంబంధించినవి," అన్నారు సారు.

"నంబర్లల్ల ఖబర్లు పంపుతున్నరని మాకు ఆర్డరొచ్చింది. గీ మైనస్‌లేంది మల్ల?"

"అవి చలి, నాయనా. సున్నా కన్నా కింద."

"ఎండాకాలంల సున్నా కన్న కింద చలి యాడుంది పెద్దమనిషీ?"

కాగితం లోపలికి పోలేదు. మనుషులం మాత్రం పోయాం. విద్యార్థి చిక్కిపోయాడు, నుదుటి మీద మానుతున్న గాయం. మేము వచ్చిన పని వినగానే ఊచలు పట్టుకున్నాడు.

"ఇంక పంపలేదా సార్? పంపియ్యున్రి. అన్న లెక్క తప్పు పోదు. నేనేమనుకోను."

"నువ్వు కట్టాకే పంపుతాను."

"నేనెప్పుడొస్తనో నాకే తెల్వది సార్."

"ఎప్పుడొస్తే అప్పుడే."

అతను నా వైపు తిరిగి, "అన్నా, నువ్వన్న చెప్పు జర," అన్నాడు. నేను దారంతా చెప్పాను. సారు వింటూనే నడిచారు.

ఆ ఎండాకాలంలో విజయవాడ రోడ్డు మీద కోస్తావాళ్ల సామాన్ల లారీలు తూర్పుకు పోతుండేవి. అమ్మగారి అన్న గుంటూరు నుంచి రెండుసార్లు వచ్చి, ప్లాటు అమ్మేసి వచ్చేయమన్నాడు. "ఈయన ఆ కాగితం వస్తే గాని కదలరు తమ్ముడూ. ఏ కాగితమో, ఏమిటో," అని ఆవిడ నాతో అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది. చీకటి పడ్డాక వీధి తలుపు తీసేవారు కాదు.

వానలు వెనకపట్టాక విద్యార్థి విడుదలై, మర్నాడే సారింటికి వచ్చాడు. నా పట్టికల పుస్తకం ఇచ్చి నేను వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. నియమం అది. మధ్యాహ్నం దాకా కట్టాడు. సారు రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి నన్ను పిలిచారు. అన్నీ కలిశాయి. ఆఖరిది కలవలేదు. అతని కాగితంలో తోక లేదు.

"ఇక్కడ నీకు తక్కువ వచ్చిందే?" అన్నారు సారు.

"గా తూకం లెక్కలకు తీసుకోలె సార్. గప్పుడు గొట్టం మీద, దారం మీద మంచు పేరుకున్నది. కరెంటు వేసేలోపట మంచు బరువు గూడ ఎక్కింది. తుడిచి మల్ల తూచిన. గీ కిందిదే అసలుది."

రీడింగులో రెండు అంకెలున్నాయి. కింది అంకె వేరే కొలత అనుకుని నేను పైదాన్ని తీసుకున్నాను. గొట్టం దగ్గర లేని వాళ్లెవరైనా అలాగే తీసుకుంటారు. సారు తన మూడు నాలుగు కారణాలు రాసుకున్న కాగితాన్ని మడిచి పక్కన పెట్టారు. ఆ రాత్రే వ్యాసం రాయడం మొదలుపెట్టారు.

అది పూర్తి కాకముందే విదేశీ పత్రిక వచ్చింది. ఓడలో వచ్చేది, నెలల కిందటి సంచిక. అందులో అదే పదార్థం, అదే రంగు, అదే గీత. యూరప్‌లో ఇద్దరు చేశారు. వాళ్లు పత్రికకు పంపిన తారీఖు కూడా అచ్చువేశారు. మేము జైలు గేటు దగ్గర నిలబడిన తరవాతి నెల అది.

సారు పత్రికను విద్యార్థి ముందుకు జరిపారు. అతను చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"నేను జైల్ల చెప్పిన గద సార్, పంపియ్యున్రని."

"తోకతో సహా పంపేవాణ్ని."

"పంపుతుంటిరి. తోక తప్పని తర్వాత చెప్పుకుంటుంటిమి. పదార్థం మాత్రం మనదయితుండె."

సారు పత్రికను తన వైపు తీసుకుని మూశారు.

"మీకు పేరుంది సార్. ఇంక పది చేస్తరు. మా ఇంట్ల చదువుకున్నోన్ని నేనొక్కన్నే. నాకు గిదొక్కటే ఉండె."

వంటింటి గుమ్మంలో అమ్మగారు నిలబడి ఉన్నారు. అప్పుడు సారు అన్న మాటలు నాకు బాగా గుర్తు. "నిజమే. ఆపింది నా నియమం, పోయింది నీ సొత్తు. ఆ సంగతి నేను ఆలోచించలేదు," అన్నారు. విద్యార్థి ఎదుట ప్రొఫెసరు ఆ మాట అనడం ఆ రోజుల్లో జరిగేది కాదు.

అతను లేచి వెళ్లిపోయాడు. వారం పది రోజులు కనబడలేదు. వచ్చినప్పుడు కూర్చోకుండానే అడిగాడు.

"వ్యాసం పంపుతున్నరా సార్?"

"పంపుదాం. మొదట వాళ్లు చేశారని రాసి, మన సంఖ్యలు ఇద్దాం. నీ పేరు ముందు."

"మనం వాళ్లకంటె ముందే కొలిచినమని గూడ రాయున్రి."

"రాస్తే, మరి అప్పుడే ఎందుకు పంపలేదని అడుగుతారు."

"చెప్పున్రి. కొలిచినోడు జైల్ల ఉండె అని చెప్పున్రి. అందుల సిగ్గేముంది?"

సారు కలం తీశారు. ఆ ఒక్క వాక్యానికి చాలాసేపు పట్టింది. జైలు అన్న మాట ఉండాలా వద్దా అని ఇద్దరూ వాదించుకున్నారు. చివరికి ఉంచారు. ఈ కొలతలు గత చలికాలంలోనే జరిగాయని, రచయితల్లో ఒకరు జైలులో ఉన్నందువల్ల లెక్క సరిచూడడం ఆలస్యమైందని వ్యాసం అడుగున చిన్న గమనికగా రాశారు. కవరు నేనే మలక్‌పేట పోస్టాఫీసులో వేశాను.

మరుసటి ఏడు వ్యాసం అచ్చై వచ్చింది. విద్యార్థికి అప్పటికి మహబూబ్‌నగర్‌లో లెక్చరర్ ఉద్యోగం దొరికింది. కబురు పంపితే వచ్చాడు. తన పేరు చూసుకున్నాడు, గీత చూశాడు. తరవాత చివరి పేజీ అడుగుకు పోయాడు. అక్కడ ఏమీ లేదు.

"తీసేసిన్రా?"

"శాస్త్రానికి సంబంధం లేని విషయమని పత్రికవాళ్లు రాశారు. ఉంచమని రాశాను, కుదరదన్నారు. మళ్లీ రాశాను, అయినా ఉంచలేదు. అప్పుడు వ్యాసమే వెనక్కి తీసుకుందామా అని నిన్ను అడగాలనుకున్నాను. ఈలోగా అచ్చు వేసేశారు."

అతను పేజీ మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. బయట రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

"రెండుసార్లు రాసిన్రా సార్?"

"రెండుసార్లు."

ప్రతిని మడవకుండా సంచిలో పెట్టుకున్నాడు. అమ్మగారు భోజనానికి ఉండమంటే ఉన్నాడు.