సీసవాత్ గారి ‘ఒకవేళ’

వియంచన్ నగరంలో సీసవాత్ గారిని “ఎంత ఉంది?” అని అడిగి సూటిగా జవాబు రాబట్టిన మొనగాడు లేడు. చేతిలో ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం ఆయన వల్ల అయ్యేది కాదు. రాబోయే అనర్థాలన్నిటినీ ముందే తీసేసి, మిగిలిందే చెప్పేవారు.

ఆయన కింద గుమాస్తాగా చేరిన మొదటిరోజే లత్సమికి ఇది అనుభవమైంది. మధ్యాహ్నం ఆయన జిగురన్నం బుట్ట మూత తీశారు.

“ఎన్ని ముద్దలు తెచ్చుకున్నారు బాబాయ్?” అంది మాట కలుపుదామని.

“మూడు.”

“ఆరు కనిపిస్తున్నాయిగా!”

“ఒకవేళ ఒకటి కింద పడిందనుకో. ఒకటి డ్రైవరు అడగొచ్చు. ఇంకొకటి...”

“ఇంకొకటి?”

“నువ్వు అడిగేలాగే ఉన్నావు.”

ఆయన షష్టిపూర్తికి బంధువులంతా కూడి, దీవిస్తూ ముంజేతులకు తెల్లదారాలు కట్టారు. “ముప్పైమంది ఆశీర్వదించార్రా, అదృష్టవంతుడివి!” అన్నాడు వాళ్ల మేనమామ. సీసవాత్ గారు చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుని, “పంతొమ్మిదే మావయ్యా. మిగతావాటి ముడులు వదులుగా ఉన్నాయి” అన్నారు.

ఇలాంటి మనిషిని ఏ పెళ్లివారి వంటశాలలోనో పెడితే విస్తళ్లకు కరువొచ్చేది. అదృష్టవశాత్తూ దేశం దగ్గరున్న డాలర్లు లెక్కచూసే ఉద్యోగంలో పెట్టారు. చిన్న దేశం. పెట్రోలు, మందులు అన్నీ బయటినుంచే రావాలి, వాటికి డాలర్లే కావాలి. మూడు నెలల దిగుమతులకు సరిపడా పన్నెండు కోట్ల డాలర్లు ఎప్పుడూ కదలకూడదని నియమం. శుక్రవారం శుక్రవారం ఖజానాలో ఎంత ఉందో సీసవాత్ గారు చెప్పాలి.

కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు ఫొమ్మాచన్ గారికి ఒక కల ఉంది. ఆఫీసుకు ఇటలీ పాలరాతితో అయిదంతస్తుల భవనం కట్టించాలి. ఆయన సీసవాత్ గారిని పిలిపించారు. కాగితాలు పట్టుకుని వెనకాలే లత్సమి కూడా వెళ్లింది.

“ఎంత ఉందండీ మన దగ్గర?”

“పన్నెండు కోట్లు.”

“నేను చూసిన కాగితంలో పదిహేను ఉందే?”

“కాగితంలో ఉంది సార్. కానీ చక్కెర మిల్లు విదేశీ బ్యాంకులో మూడు కోట్లు అప్పు తీసుకుంది. ఈ ఏడాదే తీర్చాలి. దానికి హామీ సంతకం మన సర్కారుది.”

“అప్పు మిల్లుది కదండీ! మనదెలా అవుతుంది?”

“ఒకవేళ మిల్లు పడిపోతే?”

“బ్రహ్మాండంగా నడుస్తోందయ్యా!”

“నడిచేదే సార్ పడేది. కూర్చున్నది ఎక్కడ పడుతుంది?”

ఫొమ్మాచన్ గారి మొహం ఎర్రబడింది. పదిహేనని రాసి తెమ్మన్నారు. సీసవాత్ గారు రాసి తెచ్చారు. దాని కిందే, అంతే పెద్ద అక్షరాలతో, మూడు తీసేసి పన్నెండని కూడా రాశారు. ఆ రెండో వరస కొట్టేయమంటే, “కొట్టేస్తాను సార్. మిల్లు పడదని మీరు కింద సంతకం పెట్టండి” అన్నారు. ఫొమ్మాచన్ గారు కలం మూత తీసి, మళ్లీ పెట్టేశారు. భవనం ఆగింది. ఆయన మూడు నెలలపాటు సీసవాత్ గారితో మాటలు మానేశారు.

ఆ రోజుల్లోనే లత్సమికి సీసవాత్ గారితో పని పడింది. ఆమె భర్త బూన్‌లై వాయిదాలమీద జంబో, అంటే మూడుచక్రాల బండి, కొనుక్కోవాలనుకున్నాడు. ఇంటివాళ్లు కాకుండా బయటి ఉద్యోగస్తుల హామీ కావాలన్నాడు బండ్ల కొట్టువాడు. చెప్పుకు మూడుసార్లు అట్ట వేయించుకునే మనిషిని హామీ అడగడమేమిటని అంతా నవ్వారు. అయినా వేరే దారి లేక అడిగింది.

“మీ ఆయన తాగుతాడా?” అన్నారు సీసవాత్ గారు.

“పండక్కి, బాబాయ్.”

“పండగలెన్ని? ఒకవేళ బండికి గేదె అడ్డొస్తే? వానాకాలం మీ వీధిలో నీళ్లు ఎంతెత్తు నిలుస్తాయి? ఆయనకి నడుంనొప్పి ఉందా?”

గంటసేపు అడిగారు. లత్సమి కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇవ్వనని ఒక్కమాట చెప్పొచ్చుగా బాబాయ్!” అని లేచింది.

“ఇవ్వనని ఎవరన్నారు? కాగితం ఇటు తే” అని సంతకం చేసి, తన లెక్కల్లో మునిగిపోయారు.

ఆ ఏడు నదికి వరదొచ్చింది. చెరకు కుళ్లింది, మిల్లు మూతపడింది, విదేశీ బ్యాంకు సర్కారు తలుపు తట్టింది. మూడు కోట్లూ కట్టేశారు. అయినా ఒక్క బంకులోనూ పెట్రోలు ఆగలేదు, ఆసుపత్రిలో మందులు తగ్గలేదు. ఫొమ్మాచన్ గారు సీసవాత్ గారి బల్ల దగ్గరికి తనే నడిచొచ్చి, వాన గురించి కాసేపు మాట్లాడి వెళ్లారు.

అదే వరదలో బూన్‌లై జంబో ఇంజను దాకా మునిగింది. రెండు నెలలు బండి కదల్లేదు. మూడో నెల గడువడుగుదామని లత్సమి తల దించుకుని కొట్టుకు వెళ్లింది.

“గడువెందుకమ్మా? రెండు వాయిదాలూ ముట్టాయి” అన్నాడు కొట్టువాడు. “పాత సైకిలు మీద ఒక పెద్దాయన వచ్చి కట్టిపోయాడు. నీకు చెప్పొద్దన్నాడు. నేనే నోరు జారాను.”

లత్సమి తిన్నగా ఆఫీసుకొచ్చింది. “అంత డబ్బు మీ దగ్గర ఎక్కడిది బాబాయ్? మేం నెమ్మదిగా తీర్చేస్తాం.”

“నా దగ్గర ఎక్కడుంది? సంతకం పెట్టిన రోజే అది నాది కాదని పక్కన పెట్టేశాను. మీరు తీరిస్తే నాకు వచ్చిపడినట్టే. కంగారు పడకు.”

ఆ సాయంత్రం ఆమె ఒక్కొక్కర్నీ కదిపి చూసింది. కాపలావాడి మోటారుసైకిలుకు, టీ చేసే మేవన్ కుట్టుమిషనుకు, డ్రైవరు ఇంటి రేకులకు, ఇలా పదకొండుమందికి సీసవాత్ గారి సంతకమే ఉంది. ఎవరికి వాళ్లు తమ ఒక్కరికే అనుకుంటున్నారు.

మర్నాడు ఆమె ఉండబట్టలేక అడిగింది. “ఒకవేళ పదకొండుమందీ ఒకేసారి చేతులెత్తేస్తే?”

“దానికీ తీసిపెట్టాను.”

“మరి ఒకవేళ పిన్నికి తెలిస్తే?”

సీసవాత్ గారి చేతిలో కలం ఆగిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “అంత పెద్ద నష్టానికి సరిపడా నిల్వ ఏ దేశం దగ్గరా ఉండదమ్మాయ్” అన్నారు గొంతు తగ్గించి.

పిన్ని దగ్గర మాత్రం ఆ సంగతి పదకొండుమందీ బాధ్యతగా దాచారు.